మినియేచర్ బొమ్మల మీద తెల్ల రంగు: బూడిద నుంచి తెలుపు దాకా

వేలెడంత బొమ్మకు ఎరుపో నీలమో వేయడం కొద్ది రోజుల్లోనే పట్టుబడుతుంది. తెలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి తడబడుతుంది. పలచగా వేస్తే కింద రంగు కనిపిస్తూనే ఉంటుంది, చిక్కగా వేస్తే ముఖంలోని గీతలు పూడిపోతాయి. మూడు పూతలయ్యాక చూసుకుంటే చారలు, గరుకు, సుద్దముక్క రుద్దినట్టు పొడిపొడిగా ఒక తెలుపు. నేను మొదటిసారి తెల్ల అంగీ తొడుక్కున్న ఒక రౌతు బొమ్మకు నల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి అన్నిటికన్నా ముందు వేసే పూత) మీద నేరుగా తెలుపు వేశాను. తొమ్మిది పూతలు పట్టాయి. అంగీ మడతల్లో సగం మాయమయ్యాయి. ఆ బొమ్మ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. తెలుపు గురించి నాకు తెలిసిన చాలా సంగతులు దాన్ని చూస్తూ నేర్చుకున్నవే.

వాటిలో ముఖ్యమైనది ముందే చెబుతాను. తెల్లగా కనిపించే మంచి బొమ్మ మీద అచ్చమైన తెల్ల రంగు చాలా కొద్ది చోట్లే ఉంటుంది. మిగతాదంతా లేత బూడిద, లేత నీలం, దంతపు రంగు. సీసాలో ఉన్న తెలుపు కన్నా తెల్లనిది ఇంకొకటి లేదు కాబట్టి, మొదటే దాన్ని వేసేస్తే ఆ తర్వాత వెలుగు చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు. కింద చెప్పే అడుగులన్నీ ఆ ఆఖరి తెలుపును చివరి దాకా దాచుకోవడానికే.

తెల్ల రంగు ఎందుకు మొండికేస్తుంది

మనం వాడే తెల్ల యాక్రిలిక్ రంగుల్లో ఉండే పొడి దాదాపు ఎప్పుడూ టైటానియం డయాక్సైడే. 1910ల రెండో సగంలో నార్వేలోనూ అమెరికాలోనూ దీన్ని రంగుల కోసం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అంతకుముందు చిత్రకారులు ఎక్కువగా వాడిన తెలుపు సీసం అనే లోహంతో చేసింది, అది విషం. జింకు తెలుపుతో ఆ ప్రమాదం లేదు గానీ అది కింద రంగును అంతగా కప్పదు.

నలుపు, ముదురు నీలం లాంటి రంగులు తమ మీద పడిన వెలుతురును మింగేస్తాయి, అందుకే వాటికి పలచటి పొర చాలు. తెలుపు వెలుతురును మింగదు, చెదరగొట్టి వెనక్కి పంపుతుంది. టైటానియం డయాక్సైడ్‌లో రూటైల్ అనే రకానికి వక్రీభవన గుణకం సుమారు 2.7, దాన్ని పట్టి ఉంచే యాక్రిలిక్ బంకకు సుమారు 1.5. ఈ తేడా వల్లే ప్రతి రేణువు దగ్గరా వెలుతురు దారి మళ్లుతుంది. రేణువులు 0.2 నుంచి 0.3 మైక్రాన్ల సైజులో ఉండి, ఒకదానికొకటి కాస్త ఎడంగా పరుచుకున్నప్పుడు ఈ పని బాగా జరుగుతుంది. నీళ్లు మరీ ఎక్కువ కలిపితే బంక బలం తగ్గి రేణువులు గుంపులు కడతాయి. గుంపు కట్టిన చోట గరుకు తేలుతుంది, గుంపుల మధ్య కింద రంగు బయటపడుతుంది. సుద్దలా కనిపించడానికి కారణం అదే.

పైగా ఈ పొడి నీటి కన్నా సుమారు నాలుగు రెట్లు బరువు. సీసాను కొన్నాళ్లు కదపకుండా ఉంచితే అడుగున ముద్దగా చేరుతుంది, పైన మిగిలేది నీళ్లలాంటి బంక. అలాంటి సీసాను రెండుసార్లు ఊపి వాడితే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా మంచి పూత రాదు. సీసాలో రెండు చిన్న స్టెయిన్‌లెస్ స్టీల్ గోళీలు వేసి, ఒక నిమిషం పాటు గట్టిగా ఊపండి. చాలాకాలం వాడని సీసా అయితే ముందు పుల్లతో అడుగు గోకి కలిపి, ఆ తర్వాత ఊపాలి.

ఇంకో సంగతి కూడా పనికొస్తుంది. నల్లటి అడుగు మీద పలచటి తెలుపు వేస్తే అది కొంచెం నీలంగా కనిపిస్తుంది. ఆ పలచటి పొరలో మిగతా రంగుల కన్నా నీలి కాంతి ఎక్కువగా చెదురుతుంది కాబట్టి అలా జరుగుతుంది. చల్లటి నీడలు కావాలంటే ఇది కలిసొస్తుంది. ఎముక, పాత గుడ్డ లాంటి వెచ్చటి తెలుపు కావాలంటే మాత్రం పని చెడగొడుతుంది.

చల్లని తెలుపా, వెచ్చని తెలుపా

బ్రష్ పట్టుకునే ముందే ఇది తేల్చుకోవాలి. తెల్ల వస్తువుకు తనదంటూ కనిపించే రంగు దాని నీడల్లోనే ఉంటుంది. నీడలు నీలి బూడిదలో వేస్తే కొత్త కవచం, మంచు, చలువ చేసిన పట్టు బట్ట అనిపిస్తాయి. గోధుమ రంగు కలిసిన నీడలు వేస్తే ఎముక, ఉన్ని, ఎండకు వెలిసిన గుడ్డ, పాత కాగితం అవుతాయి. లేత ఊదా నీడలు సాయంత్రపు వెలుతురులో ఉన్న బట్టకు బాగుంటాయి. పాచి రంగు కలిపితే దెయ్యాలు, శవాలు.

నలుపూ తెలుపూ మాత్రమే కలిపిన బూడిదను నీడకు వాడకండి. అది ప్రాణం లేకుండా, మురికి పట్టినట్టు ఉంటుంది. ఆ బూడిదలోనే ఒక చుక్క ముదురు నీలమో, ముదురు గోధుమో కలిపితే వెంటనే తేడా తెలుస్తుంది.

బొమ్మ మీద పక్కన ఏ రంగులున్నాయో కూడా చూడాలి. ఎర్రటి అంగరఖా పక్కన నీలి నీడల తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దంతపు తెలుపు కలిసిపోతుంది. రెండూ తప్పు కాదు. మీకు ముఖం కనబడాలా, బట్ట కనబడాలా అన్నదాన్ని బట్టి ఎంచుకోండి. ఒకే బొమ్మ మీద రెండు రకాల తెల్ల వస్తువులుంటే, ఉదాహరణకి తెల్ల గుర్రం మీద తెల్ల జీను గుడ్డ ఉంటే, ఒకదాన్ని చల్లగా, ఇంకోదాన్ని వెచ్చగా వేయండి. అప్పుడే కంటికి అవి వేరువేరుగా ఆనుతాయి.

ఏమేం కావాలి

నాలుగు రంగులు చాలు: నీడకు ఒక మధ్యరకం బూడిద, అడుగుకు ఒక లేత బూడిద, దాని మీదికి ఒక ఆఫ్ వైట్, చివరికి అచ్చమైన తెలుపు. సిటడెల్ రంగుల్లో సెలెస్ట్రా గ్రే, ఉల్తువాన్ గ్రే, వైట్ స్కార్ వరసగా ఇలాంటి మెట్లే. అందులో కోరాక్స్ వైట్ అని ఒకటుంది, పేరుకి వైట్ గానీ నిజానికి చాలా లేత బూడిద, అడుగు రంగుగా బాగా పనికొస్తుంది. వల్లేహో మోడల్ కలర్‌లో వెచ్చటి తెలుపుకు ఐవరీ మంచిది. అచ్చమైన తెలుపుల్లో నేను బాగా ఇష్టపడేది మాన్యుమెంట్ హాబీస్ వాళ్ల ప్రో యాక్రిల్ బోల్డ్ టైటానియం వైట్. అది బాగా కప్పుతుంది, నున్నగా ఆరుతుంది. ఏ కంపెనీ రంగులున్నా ఈ నాలుగు మెట్లు కలుపుకుని తయారుచేసుకోవచ్చు.

పలచన చేయడానికి మ్యాట్ మీడియం గానీ గ్లేజ్ మీడియం గానీ తప్పకుండా ఉండాలి. మీడియం అంటే పొడి లేని బంకే. నీళ్లతో పాటు అది కూడా కలిపితే రంగు పలచబడినా రేణువులు గుంపు కట్టవు. రెండు పాళ్లు రంగు, ఒక పాలు మీడియం, ఒక పాలు నీళ్లతో మొదలుపెట్టి, మీ రంగును బట్టి సర్దుకోండి. బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూస్తే గీత విరగకుండా, అంచులు దాటి పారకుండా నిలవాలి.

తెలుపుకు విడిగా ఒక బ్రష్, విడిగా ఒక నీళ్ల గిన్నె పెట్టుకోండి. లోహపు రంగుల్లో ఉండే మెరుపు రేకులు నీళ్లలో తేలుతూ ఉంటాయి, తెల్ల బట్ట మీద ఒక్క రేకు అంటుకున్నా కనిపించిపోతుంది. బ్రష్ మొన బాగుండాలి, సైజు 1 లేదా 2 సరిపోతుంది. మరీ సన్నటి బ్రష్‌లో రంగు నిలవదు, బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. వెట్ ప్యాలెట్ (తడి స్పాంజి మీద కాగితం పరిచిన రంగుల పళ్లెం) వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. తెలుపు దాని మీద కాసేపటికి నీళ్లు పీల్చుకుని, పొడి, బంక విడిపోయినట్టు అవుతుంది. పది నిమిషాలకోసారి బ్రష్‌తో కలిపి, గంట దాటితే కొత్త చుక్క వేసుకోండి.

దీపం సంగతి కూడా పట్టించుకోవాలి. పసుపు బల్బు కింద అన్ని తెలుపులూ వెచ్చగానే కనిపిస్తాయి, పగలు చూస్తే అసలు రంగు బయటపడుతుంది. 5000 నుంచి 6500 కెల్విన్ల మధ్య ఉన్న దీపం వాడండి.

మొదటి అడుగు: ప్రైమర్

తెలుపు ఎక్కువగా ఉండే బొమ్మకు నా సలహా లేత బూడిద ప్రైమర్. తెల్ల స్ప్రే ప్రైమర్ వాడకూడదని కాదు గానీ దానితో ఒక చిక్కుంది. డబ్బా దూరమైనా, గాలి పొడిగా వేడిగా ఉన్నా తుంపరలు బొమ్మను తాకకముందే సగం ఆరి ఇసుక చల్లినట్టు పడతాయి. ఏ రంగు ప్రైమర్‌తోనైనా ఇలా జరగొచ్చు, కానీ తెలుపు మీద ఆ గరుకు చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. డబ్బాను రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, బొమ్మకు ఒక పక్కన మొదలుపెట్టి రెండో పక్కన దాటించి ఆపుతూ చిన్న చిన్న విసురులుగా కొట్టండి. గాలిలో బాగా తేమ ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి.

కొంచెం శ్రమ పడగలిగితే ఇంకా మంచి పద్ధతి ఉంది. బూడిద ప్రైమర్ ఆరాక, పైనుంచి ఎండ పడుతున్నట్టు ఊహించుకుని, నెత్తి మీదుగా ఒకే దిక్కు నుంచి తెలుపు స్ప్రే కొట్టండి. మడతల అడుగు భాగాలు బూడిదగానే ఉంటాయి, పై భాగాలు తెల్లబడతాయి. నీడలెక్కడ, వెలుగులెక్కడ అన్నది బొమ్మ తానే చెబుతుంది. దీన్ని ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత పూతలు వేస్తూ దారి తప్పినప్పుడు అదే దిక్కు.

రెండో అడుగు: అడుగు రంగు

లేత బూడిదను పలచగా మూడు నాలుగు పూతలు వేయండి. మొదటి పూత చూసి నిరుత్సాహం వస్తుంది, అతుకులు అతుకులుగా ఉంటుంది. కంగారుపడి వెంటనే దాని మీదే మళ్లీ రుద్దొద్దు. తెల్ల రంగులతో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం సగం ఆరిన పొరను ముట్టుకోవడం వల్లే. పైన చర్మంలా ఒక పొర కడుతుంది, బ్రష్ తగలగానే అది చిరిగి ముడుచుకుపోతుంది. ఆ ముడత ఆరాక గోకితే తప్ప పోదు. ఒక్కో పూతకు మధ్య పది నిమిషాలైనా ఆగండి. హెయిర్ డ్రయర్ ఉంటే చల్లటి గాలి మీద పెట్టి వాడొచ్చు.

బ్రష్‌ను రంగులో ముంచాక గుడ్డ మీద ఒకసారి అద్ది, మిగిలిన తడితో ఒకే వైపుకు లాగండి. లాగడం ఆపే చోట రంగు ఎక్కువగా చేరుతుంది, కాబట్టి ఎప్పుడూ నీడ నుంచి వెలుగు వైపుకు లాగి, మడత పైభాగంలో ఆపాలి. అక్కడ తెలుపు కాస్త ఎక్కువైనా లాభమే.

మూడో అడుగు: నీడలు

వేరే రంగుల మీదైతే వాష్ (గాడుల్లోకి పారేలా బాగా పలచన చేసిన ముదురు రంగు) తెచ్చి బొమ్మంతా పోసేయడం అలవాటుగా ఉంటుంది. తెలుపు మీద అది చేయకండి. చదునుగా ఉన్న చోట వాష్ ఆరేటప్పుడు అంచుల్లో మరక కడుతుంది, దాన్ని కప్పడానికి మళ్లీ మూడు పూతలు కావాలి. మధ్యరకం బూడిదను మీడియంతో బాగా పలచన చేసి, మడతల లోపలికి, గాడుల్లోకి, బెల్టు కిందికి మాత్రమే బ్రష్ మొనతో నడిపించండి. గీత పక్కన ఇంకో తడి బ్రష్‌తో అంచును మెత్తగా చెరిపితే నీడ మెల్లగా కరిగిపోతుంది. ఇలా రెండు మూడుసార్లు, ప్రతిసారీ ముందుకన్నా సన్నగా, లోతుగా.

కవచం, యంత్రాల్లాంటి వాటికి ఆయిల్ వాష్ చాలా నీటుగా వస్తుంది. ముందు మెరుపుగా ఆరే (గ్లాసీ) వార్నిష్ వేసి ఒక రోజు ఆరనివ్వండి. గోధుమ రంగు ఆయిల్ పెయింట్‌ను వైట్ స్పిరిట్‌లో పలచన చేసి గాడి దగ్గర ముట్టిస్తే అదే పాకుతుంది. పక్కకు అంటుకున్నదాన్ని వైట్ స్పిరిట్‌తో కాస్త తడిపిన దూది పుల్లతో తుడిచేస్తే చాలు. ఈ పని కిటికీలు తీసి ఉన్న గదిలోనే చేయండి.

నీడలు ఎంత ముదురుగా ఉండాలన్నది చాలామందికి టెన్షన్. బల్ల మీద ఉంచి చెయ్యి చాచినంత దూరం నుంచి చూడండి. ఆ దూరం నుంచి మడతలు కనిపించకపోతే నీడ చాలలేదు. తెలుపు బొమ్మ మురికిగా ఉంటుందేమోనని భయపడి నీడలు మరీ లేతగా వేయడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద నిజమైన వెలుతురు అంత నీడ వేయలేదు, ఆ పని రంగుతో మనమే చేయాలి.

నాలుగో అడుగు: వెలుగు పెంచడం

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. లేత బూడిదలో ఆఫ్ వైట్ సగం కలిపి, మడతల అడుగు వదిలేసి మిగతా చోట వేయండి. తర్వాత అచ్చంగా ఆఫ్ వైట్, ఇంకొంచెం తక్కువ చోట. ఇలా ప్రతి పూతకూ జాగా తగ్గుతూ పోవాలి. ఇక్కడ రంగు ఇంకా పలచగా ఉండాలి, ఒక్క పూతతో తేడా తెలియకూడదు, రెండు పూతలకు లీలగా తెలియాలి. పొర మీద పొర చేరి తెలుపు లోపలినుంచి వచ్చినట్టు ఉంటుంది.

రెండు మెట్ల మధ్య గీత కనబడితే, రెండు రంగుల మధ్యరకాన్ని కలిపి మీడియంతో నీళ్లలా చేసి ఆ గీత మీదుగా గ్లేజ్ వేయండి. బ్రష్‌లో దాదాపు తడి లేనట్టే ఉండాలి. రెండు మూడు గ్లేజుల్లో గీత మాయమవుతుంది.

అప్పుడు సీసా తెరవండి. అచ్చమైన తెలుపు మడత శిఖరం మీద, మోకాలు చిప్ప మీద, భుజం పైన, కాలరు అంచున, అంతే. వెలుతురు నేరుగా తగిలే చోటే. ఇంతసేపూ లేత బూడిద అనుకున్నది ఒక్కసారిగా తెలుపుగా మారిపోతుంది, ఎందుకంటే కంటికి ఇప్పుడు పోల్చుకోవడానికి నిజమైన తెలుపు దొరికింది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం నాకు కొత్తగానే ఉంటుంది.

తెలుపు పక్క రంగును తాకే చోట్ల, అంటే బెల్టు పక్కన, చేతి పక్కన, ముదురు గోధుమతో సన్నటి గీత గీస్తే తెలుపు మరింత శుభ్రంగా నిలుస్తుంది. అచ్చమైన నలుపు గీత కార్టూన్‌లా అనిపించొచ్చు.

వస్తువును బట్టి మార్పులు

తెల్ల గుర్రం పూర్తిగా తెల్లగా ఉండదు. మూతి చుట్టూ, కళ్ల పక్కన, కాళ్ల కీళ్ల దగ్గర చర్మం ముదురుగా కనిపిస్తుంది, అక్కడ బూడిదలో కొంచెం గులాబీ కలపండి. తెల్ల జుట్టుకు అడుగు బూడిదను కాస్త ముదురుగానే ఉంచి, వెంట్రుకల గాట్ల మీద ఆఫ్ వైట్‌తో విడివిడి గీతలు లాగండి. ఎముకకు, బొచ్చుకు డ్రై బ్రష్ (బ్రష్‌లో రంగు దాదాపు తుడిచేసి ఎత్తుల మీద రుద్దడం) బాగుంటుంది. బట్టకు, కవచానికి మాత్రం వద్దు, పొడి చల్లినట్టు అవుతుంది.

ఒకే రకం సైనికులు ముప్పై మంది ఉంటే ఇన్ని పొరలు వేస్తూ కూర్చోలేం. తెల్ల ప్రైమర్ మీద సిటడెల్ అపోథెకరీ వైట్ లాంటి కాంట్రాస్ట్ రంగు (ఒక్క పూతతోనే నీడా వెలుగూ చూపించేది) ఒక్క పూత వేసి, అంచుల మీద తెలుపు అద్దితే గుంపులో చక్కగా కనిపిస్తాయి. చదును భాగాల్లో అది చేరి ఆగకుండా బ్రష్‌తో లాగేస్తూ ఉండండి.

ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లకు నాలుగో అడుగు సులువవుతుంది. తెలుపు సూది మొన మీద త్వరగా ఆరి అడ్డుపడుతుంది కాబట్టి రంగు ఆగకుండా పారేలా చేసే ఫ్లో ఇంప్రూవర్ కలపాలి, 0.3 లేదా 0.4 మిల్లీమీటర్ల సూది వాడాలి, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి సరిపోతుంది. డేలర్ రౌనీ ఎఫ్‌డబ్ల్యూ తెల్ల ఇంకు ఈ పనికి హాయిగా పారుతుంది. మాస్కు పెట్టుకోకుండా మాత్రం కొట్టకండి, ఆ సన్నటి తుంపర ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

పొరపాట్లు దిద్దడం

తెలుపు మీద పక్క రంగు పడితే, తడిగా ఉండగానే శుభ్రమైన తడి బ్రష్‌తో పీల్చేయండి. ఆరిపోతే ముందు లేత బూడిదతో కప్పి, మళ్లీ మెట్లెక్కండి. నేరుగా తెలుపుతో కప్పితే ఆ చోటు మచ్చలా మెరుస్తుంది. దీనికోసమే అడుగు రంగును ప్యాలెట్ మీద కాకుండా ఒక చిన్న సీసాలో కలిపి ఉంచుకోవాలి. రెండోసారి కలిపితే అదే రంగు రాదు.

గరుకు తేలితే పూర్తిగా ఆరనిచ్చి, చాలా సన్నటి గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి. ఆ పైన మీడియం ఎక్కువ కలిపిన పూత ఒకటి వేస్తే నున్నబడుతుంది. మడతలు పూడిపోయేంతగా పూతలు పేరుకుంటే మాత్రం రుద్దుతూ కూర్చోకండి, రంగు మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే త్వరగా తేలే పని.

ఏ వరసలో వేయాలని అడిగితే, తెలుపు అడుగు రంగు తొందరగా వేసేసి, మిగతా రంగులన్నీ పూర్తిచేసి, వెలుగు పెంచే పని ఆఖరికి పెట్టుకోమంటాను. అప్పటికి చిందే రంగులన్నీ చిందేసి ఉంటాయి.

వార్నిష్, ఫొటో

తెలుపు మీద పసుపు ఛాయ వస్తే వెంటనే దొరికిపోతుంది. నూనె ఆధారంగా చేసిన వార్నిష్‌లు కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతాయి, కాబట్టి నీటి ఆధారంగా చేసిన యాక్రిలిక్ వార్నిష్ వాడండి. ముందు పనికిరాని బొమ్మ మీద పరీక్షించి, ఒక వారం తర్వాత చూసి, అప్పుడే మంచి బొమ్మకు వేయండి. స్ప్రే మ్యాట్ వార్నిష్‌ను తేమలో కొడితే మంచు పట్టినట్టు పొగబారుతుంది. వెలుగుల్లో అది కనిపించకపోయినా, కష్టపడి వేసిన నీడలు అందులో కొట్టుకుపోతాయి.

ఫొటో తీసేటప్పుడు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే కెమెరా అంతా ఎక్కువ వెలుతురు అనుకుని బొమ్మను బూడిదగా చూపిస్తుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే తెలుపు అంతా తెల్లని ముద్దగా తేలి మడతలు పోతాయి. మధ్యరకం బూడిద కాగితం వెనక పెట్టి, ఫోన్‌లో బొమ్మ మీద తెల్ల భాగాన్ని తాకి ఫోకస్ చేసి, మడతలు కనిపించే దాకా వెలుతురు స్లైడర్‌ను పైకీ కిందికీ జరిపి చూసుకోండి.